జీఆర్86: మాన్యువలా, ఆటోమేటిక్కా? చాలా ఏళ్లు ఉంచుకునే బండి, సలహా కావాలి

మూడోగేరు

అందరికీ నమస్కారం. టొయోటా స్పోర్ట్స్ కారు జీఆర్86 తీసుకోవాలని గట్టిగా అనుకున్నాను. కారు గురించి సందేహం లేదు, గేర్‌బాక్స్ దగ్గరే ఆగిపోయాను. 6 గేర్ల మాన్యువల్ ఉంది, 6 గేర్ల ఆటోమేటిక్ ఉంది.

నా వాడకం ఇదీ: రోజూ ఆఫీసుకి ఇదే బండి. పొద్దున పర్వాలేదు, సాయంత్రం మాత్రం ఫస్టు, సెకండు, మళ్లీ ఫస్టు. సెలవు రోజున తెల్లవారకముందే ఘాట్ రోడ్డు ఎక్కడం నాకు చాలా ఇష్టం. వీలైతే అప్పుడప్పుడు ట్రాక్ మీదికి కూడా. మా ఆవిడ కూడా నడుపుతుంది. తీసుకున్నాక ఇంజిన్ అరిగేదాకా అమ్మను.

ఇప్పటి ఆటోమేటిక్‌లు మనిషికన్నా వేగంగా గేర్లు మారుస్తాయని ఎక్కడ చదివినా ఉంది. మరి మాన్యువల్ మీద నాకున్నది ఒట్టి మమకారమేనా? రెండూ నడిపినవాళ్లు చెప్పండి.

రెడ్‌లైన్‌రాజు

మాన్యువల్ బ్రో. రెండో ఆలోచనే వద్దు. నిమిషానికి 7,000 చుట్లు (ఆర్‌పీఎం) దాటి తిరిగే ఇంజిన్ అది. గేరు ఎప్పుడు మార్చాలో నువ్వే చెప్పాలి, అది నీకు చెప్పకూడదు.

టార్క్‌కర్వ్

ముందు ఒక చిక్కుముడి విప్పుకుందాం. ఆటోమేటిక్ అనే ఒక్క పేరు కింద వేర్వేరు యంత్రాలున్నాయి. అన్నిటినీ ఒకే గాట కడితే ఈ చర్చ తేలదు.

డ్యూయల్ క్లచ్, అంటే డీసీటీ. 1, 3, 5 గేర్లకి ఒక క్లచ్, 2, 4, 6 గేర్లకి ఇంకో క్లచ్. మీరు మూడులో లాగుతుండగానే నాలుగు లోపల సిద్ధంగా కూర్చుంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే రెండోది పట్టుకుంటుంది, చక్రాలకి శక్తి తెగదు. పోర్షే దీన్ని 1980లలోనే 956, 962 రేసు కార్లలో వాడింది. మామూలు జనం కొనుక్కునే కారులోకి 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32తో వచ్చింది. మనిషికన్నా వేగం అన్న మాట ఎక్కువగా దీని గురించే. కానీ దానికీ ఒక బలహీనత ఉంది. మూడులో లాగుతూ, నాలుగు సిద్ధమయ్యాక, మీరు ఉన్నట్టుండి బ్రేక్ కొట్టి రెండు అడిగారనుకోండి. రెండూ నాలుగూ ఒకే క్లచ్ మీద ఉన్నాయి కాబట్టి నాలుగు వదిలి రెండు పట్టుకోవాలి. ఆ చిన్న తడబాటు కాలికి తెలుస్తుంది.

టార్క్ కన్వర్టర్ పాత పద్ధతి. ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య ఆయిల్ ద్వారా శక్తి వెళ్తుంది. బండి కదిలాక లోపలున్న లాకప్ క్లచ్ మూసుకుని నేరుగా కలుపుతుంది. పాతదని చిన్నచూపు అక్కర్లేదు. జెడ్‌ఎఫ్ కంపెనీ 8 గేర్ల బాక్స్ ఎంత బాగా కుదిరిందంటే బీఎండబ్ల్యూ 2017లో ఎం5కి డీసీటీ మానేసి దానికే మారింది.

ఏఎంటీ అంటే మాన్యువల్ బాక్స్‌కే క్లచ్ తొక్కే మోటారు పెట్టడం. స్పోర్టీ నడకకి పనికిరాదు. విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీ కూడా అంతే.

ఇక వేగం సంగతి. 2023లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం2కి 100 కి.మీ. వేగం అందుకోవడానికి ఆటోమేటిక్‌తో 4.1 సెకన్లు, మాన్యువల్‌తో 4.3. పోర్షే 911 జీటీ3 (992) డీసీటీతో 3.4, మాన్యువల్‌తో 3.9. మీరు అడిగిన జీఆర్86 లెక్క తిరగబడుతుంది: మాన్యువల్ 6.3, ఆటోమేటిక్ 6.9. ఆటోమేటిక్ వేగమన్నది మీ కారుకి వర్తించదు.

మూడోగేరు

6.9 ఎందుకవుతుంది? ఇంజిన్ ఒకటే కదా. బరువు తేడానా?

టార్క్‌కర్వ్

బరువు తేడా సుమారు 20 కిలోలే, దానివల్ల ఇంత రాదు. గేర్ల నిష్పత్తులు చూడండి. మాన్యువల్‌లో మూడు 1.541, నాలుగు 1.213. అంటే 7,000 ఆర్‌పీఎం దగ్గర మూడు నుంచి నాలుగు వేస్తే ఆర్‌పీఎం సూది 5,500 దగ్గర ఆగుతుంది. ఆటోమేటిక్‌లో మూడు 1.404, నాలుగు 1.000. అదే 7,000 దగ్గర మారిస్తే 5,000కి పడుతుంది. టర్బో లేని 2.4 లీటర్ల ఇంజిన్‌కి పైన తిరిగినప్పుడే బలం. సూది ఎంత కిందికి పడితే అంత నీరసం.

అదే నిష్పత్తి హైవే మీద ఆటోమేటిక్‌కి కలిసొస్తుంది. 100 కి.మీ. వేగంలో మాన్యువల్ ఆరో గేరులో 2,600 దాకా తిరుగుతూనే ఉంటుంది, చెవిలో మోత. ఆటోమేటిక్ ఆరో గేరు బాగా పొడవు, చాలా నిశ్శబ్దంగా వెళ్తుంది. దూర ప్రయాణాలు ఎక్కువుంటే ఇది చిన్న విషయం కాదు.

మలుపు

వేగం లెక్కలు ఒక పక్కన పెట్టండి. మీరు ఘాట్ రోడ్డు అన్నారు కాబట్టి అక్కడి సంగతి చెప్తాను.

ఘాట్‌లో గేరు ఎంత త్వరగా మారిందన్నది అసలు లెక్కలోకి రాదు. మలుపు మధ్యలో గేరు మారకుండా ఉందా అన్నదే లెక్క. డీలో, అంటే గేర్లు బండే మార్చుకునే మోడ్‌లో పెట్టి నడిపితే ఏం జరుగుతుంది? మలుపు ముందు యాక్సిలరేటర్ వదిలారు, బాక్స్ మీరు సేదదీరుతున్నారనుకుని పై గేరు వేసింది. మలుపు తిరుగుతూ మళ్లీ తొక్కారు, బలం లేదు. ఇంకాస్త తొక్కారు, ఒక్కసారిగా రెండు గేర్లు కిందికి దూకింది. ఇంజిన్ వెనక చక్రాలని తిప్పే బండిలో, తడిరోడ్డు మీద, స్టీరింగ్ తిప్పి ఉండగా ఆ దూకుడు వస్తే వెనక భాగం కదులుతుంది. స్పోర్ట్ మోడ్‌లో పరిస్థితి చాలా మెరుగు, బ్రేక్ వేసినప్పుడు తనే కింది గేర్లు వేసి పట్టి ఉంచుతుంది. అయినా దానికి రోడ్డు కనిపించదు. రాబోయేది హెయిర్‌పిన్నా, వంపు తిరిగిన చిన్న చడావా అన్నది మీ కళ్లకే తెలుసు.

మాన్యువల్‌లో మలుపుకి ముందే సెకండు వేసి పెట్టుకుంటారు. జీఆర్86 సెకండు దాదాపు 100 కి.మీ. దాకా లాగుతుంది, థర్డు 140 దగ్గరికి. అంటే ఘాట్ మొత్తం ఆ రెండు గేర్లతోనే అయిపోతుంది. బండి చేసే ప్రతి పనికీ కారణం మీ కాలో, మీ చెయ్యో. అందుకే దాన్ని నమ్మగలుగుతారు.

దిగేటప్పుడు ఇంకా ముఖ్యం. కింది గేరులో ఇంజిన్ బ్రేకింగ్ పట్టి ఉంటే బ్రేకులు కాగవు. ఆటోమేటిక్ తీసుకున్నా సరే, దిగుడులో డీలో వదిలేయకండి, ప్యాడిల్‌తో (స్టీరింగ్ వెనకుండే గేరు మీట) కింది గేరులో పెట్టుకోండి.

మూడోగేరు

మలుపు గారూ, మరి ప్యాడిల్స్‌తో మాన్యువల్ మోడ్‌లో నడిపితే అదే పని అయిపోతుంది కదా?

మలుపు

చాలావరకు అవుతుంది. కాకపోతే కొన్ని బండ్లలో మాన్యువల్ మోడ్ పేరుకే. రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల పై హద్దు) తగలగానే అడక్కుండా పై గేరు వేసేస్తుంది, లేదా కాసేపు ప్యాడిల్ ముట్టుకోకపోతే మళ్లీ డీలోకి వెళ్లిపోతుంది. కింది గేరు అడిగితే రెవ్స్ (ఇంజిన్ చుట్లు) కాస్త ఎక్కువున్నాయని నిరాకరిస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లో ఈ మూడూ చూసుకోండి.

షెడ్డుసీను

తమ్మీ, నేను షెడ్డుల పని జేస్త. రెండు రకాల బండ్లూ నా చేతుల మీదికెళ్లే పోతయ్. ఒక్క మాట చెప్త విను.

మాన్యువల్ క్లచ్ ట్రాఫిక్ వల్ల పోదు, హాఫ్ క్లచ్ వల్ల పోతది. ఎత్తు మీద బ్రేక్ ఎయ్యకుండ క్లచ్ తోనే బండి ఆపి ఉంచుతరు సూడు, గదే చంపుతది. ముందు బండి జరిగినప్పుడల్ల నువ్వు జానెడు జానెడు జరగొద్దు. కొంచెం జాగ రానిచ్చి, క్లచ్ పూర్తిగ వదిలి ఫస్టుల పో. గిట్ల నడిపినోళ్ల క్లచ్ లక్ష కిలోమీటర్లు దాటినా మంచిగనే ఉంటది. ఇంకోటి, గేరు రాడ్ మీద చెయ్యి పెట్టి కూసోవద్దు. ఆ బరువు లోపల సెలెక్టర్ ఫోర్క్ మీద పడ్తది, మెల్లగ అరుగుతది.

ఆటోమేటిక్‌ల కొస్తే, టార్క్ కన్వర్టర్ ట్రాఫిక్‌ల గట్టిది. పాకుడు మొత్తం ఆయిల్ మీద నడుస్తది, అరిగేటిది ఏం లేదు. ఆయిల్ లేని డ్రై క్లచ్ డీసీటీకి మాత్రం పాకుడే శాపం. పాకుతున్నంత సేపు క్లచ్ రాసుకుంటనే ఉంటది, వేడెక్కుతది, జుర్రుమని వణుకుతది. వెట్ క్లచ్ అయితే ఆయిల్ చల్లబరుస్తది కాబట్టి ఓర్చుకుంటది, కాని ఆయిల్ టైముకి మార్చాలె. జీవితకాలం ఆయిల్ అని ఎవరు చెప్పినా నమ్మకు. గట్టిగ నడిపే బండి ఆయిల్ నల్లగ వస్తది, నేను రోజూ సూస్త.

నువ్వు అడిగిన బండిది టార్క్ కన్వర్టరే. రిపేర్ల భయంతోని అయితే ఏదీ కాదనాల్సిన పని లేదు. రెండూ నిలుస్తయ్.

నిదానం

మూడోగేరు బాబూ, చాలా ఏళ్లు ఉంచుకుంటానన్నావు కాబట్టి వయసు పెద్దవాడిగా ఒక మాట. ఇవాళ్టి మోకాలే చివరిదాకా ఉంటుందనుకోకు. నా ఎడమ మోకాలికి సర్జరీ అయ్యాక మాన్యువల్ బండి అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ బండి వెళ్లిపోయినందుకు ఇప్పటికీ బెంగ ఉంది. తర్వాత డీసీటీ తీసుకున్నాను. ఆనందం తగ్గిందా అంటే, తెల్లవారుజామున తగ్గింది, సాయంత్రం పెరిగింది. దీనర్థం నువ్వు ఆటోమేటిక్ తీసుకోమని కాదు. క్లచ్ పెడల్ ఎంత బరువుందో, సీటు సర్దుకున్నాక నీ మోకాలు ఎంత వంగుతోందో ఓపిగ్గా చూసుకో. పెడల్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. కాలు బిగుసుకుపోతే సీటు ముందుకి జరుపుకోవాలి. దీన్ని నిర్లక్ష్యం చేసి నొప్పి తెచ్చుకుని, నెపం మాన్యువల్ మీద వేసేవాళ్లు చాలామంది.

ఏపెక్స్‌లత

ట్రాక్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. అక్కడ కొత్తవాళ్లకి నేర్పుతుంటాను.

కొత్తగా ట్రాక్ మీదికి వచ్చినవాళ్లకి ఆటోమేటిక్ మేలు. ఇది చాలామందికి నచ్చదని తెలుసు. మొదట్లో నేర్చుకోవాల్సినవి చూపు ఎక్కడుండాలి, బ్రేక్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత మెల్లగా వదలాలి. ఆ మూడూ కుదరకముందే హీల్ అండ్ టో (బ్రేక్ తొక్కుతూనే అదే పాదంతో యాక్సిలరేటర్ తట్టి కింది గేరు వెయ్యడం) కూడా నెత్తిన పెడితే నాలుగూ సగం సగం అవుతాయి. ఆటోమేటిక్‌లో రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి, దృష్టంతా లైను మీద, అంటే మలుపులో బండి వెళ్లాల్సిన దారి మీద ఉంటుంది.

ఇంకో కారణం ఇంజిన్ ప్రాణం. మాన్యువల్‌లో 7,000 దగ్గర మూడు నుంచి నాలుగు వెయ్యబోయి కంగారులో రెండు వేశారనుకోండి. ఇందాక టార్క్‌కర్వ్ గారు ఇచ్చిన మూడో గేరు నిష్పత్తి 1.541, రెండోది 2.188. క్లచ్ వదలగానే చక్రాలే ఇంజిన్‌ని 9,900 దాకా తిప్పేస్తాయి. రెవ్ లిమిటర్ పెట్రోలు ఆపగలదు, చక్రాల తోపుడుని ఆపలేదు. వాల్వులు పిస్టన్లకి తగిలి వంగాయంటే ఇంజిన్ విప్పాల్సిందే. ప్యాడిల్ బాక్స్ అలాంటి గేరు అడిగినా వెయ్యదు. మాన్యువల్ వాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: రాడ్‌ని పిడికిలితో పట్టుకుని లాగకండి. మూడు నుంచి నాలుగుకి అరచేతితో నేరుగా వెనక్కి నొక్కండి, స్ప్రింగే దాన్ని మధ్య గాడిలో ఉంచుతుంది.

ట్రాక్ మీద ఆటోమేటిక్‌కి తన కష్టం తనకుంది. వరసగా ల్యాపులు కొడితే టార్క్ కన్వర్టర్ ఆయిల్ కాగుతుంది, బాక్స్ తనను తాను కాపాడుకోవడానికి గేర్లు మెల్లగా వేస్తుంది. అది మొదలయ్యిందంటే మెల్లగా ఒక ల్యాపు తిప్పి లోపలికి వచ్చేయాలి.

రెడ్‌లైన్‌రాజు

అక్కా, మీ మాటంటే గౌరవమే కానీ ఒక్కటి ఒప్పుకోలేను. హీల్ అండ్ టో తర్వాత నేర్చుకోవచ్చంటున్నారు. ఆటోమేటిక్ కొన్నవాడు ఆ తర్వాత ఎప్పుడు నేర్చుకుంటాడు? బండిలో మూడో పెడలే లేదు. బ్రేక్ మీద ఒత్తిడి మారకుండా పాదం అంచుతో యాక్సిలరేటర్ తట్టి, సూది సరిగ్గా నిలబడి, క్లచ్ వదిలితే బండి ఉలికిపాటు లేకుండా కింది గేరులోకి జారిపోవడం ఉంది చూడండి, దానికోసమే పొద్దున్నే లేచి వెళ్తాను. దాన్ని కంప్యూటరు తప్పుపోకుండా చేస్తే చేసుకోనివ్వండి. నాకు కావాల్సింది నా కాలుతో చెయ్యడం.

ఏపెక్స్‌లత

రాజూ, అందులో మనకి తగాదా లేదు. నేను చెప్పింది ట్రాక్ మీద మొదటి రోజుల గురించి. హీల్ అండ్ టో ట్రాక్ మీద నేర్చుకోకూడదు, ఖాళీ రోడ్డు మీద నెమ్మదైన వేగంలో, కాలికి అలవాటయ్యేదాకా చెయ్యాలి. మూడోగేరుకి ట్రాక్ అప్పుడప్పుడే, ఘాట్ ప్రతి సెలవుకీ. కాబట్టి నేను చెప్పినదాన్ని ఆ మేరకే తూకం వెయ్యమని అడుగుతున్నాను.

గేర్‌చరిత్ర

మమకారమేనా అని అడిగారు కాబట్టి నేనూ కలుగజేసుకుంటున్నాను. రేసుల్లో గెలవడానికి మాన్యువల్ అవసరం లేదని తేలి చాలా కాలమైంది. టార్క్ కన్వర్టర్ పెట్టుకున్న రేసు కారు చాపరల్ 2డీ 1966లోనే నూర్బుర్గ్‌రింగ్ 1000 కిలోమీటర్ల రేసు గెలిచింది. 1989లో ఫెరారీ 640తో ఫార్ములా 1లోకి ప్యాడిల్స్ వచ్చాయి. మొదటి రేసు బ్రెజిల్, ఫెరారీ డ్రైవరు నైజెల్ మాన్సెల్ గెలిచేశాడు. ఫెరారీ డిజైనర్ జాన్ బర్నార్డ్ ఆ బాక్స్ గీయడానికి కారణం వేగమొక్కటే కాదు, గేరు రాడ్ తీసేస్తే కాక్‌పిట్ సన్నగా చెయ్యొచ్చు, డ్రైవరు చెయ్యి స్టీరింగ్ వదలక్కర్లేదు. 1997కల్లా అవి ఫెరారీ ఎఫ్355తో రోడ్డు మీదికి వచ్చాయి.

ఆ తర్వాతది అసలు కథ. 2013లో పోర్షే కొత్త 911 జీటీ3ని డీసీటీతో మాత్రమే అమ్మింది. ట్రాక్ కోసం పుట్టిన బండి, వేగమైన బాక్స్ పెట్టారు, తర్కంలో లోపం లేదు. కానీ కొనేవాళ్లు ఊరుకోలేదు. 2016లో మాన్యువల్‌తో మాత్రమే 911 ఆర్ అని 991 బండ్లు చేశారు, వాటికోసం జనం ఎగబడ్డారు. 2017లో జీటీ3కి మాన్యువల్ తిరిగి వచ్చింది. టొయోటా జీఆర్ సుప్రా కూడా అంతే. 2019లో ఆటోమేటిక్ ఒక్కటే, 2022లో మాన్యువల్ కలిపారు. టొయోటాదే జీఆర్ యారిస్ ఎదురు దారిలో నడిచింది: 2020లో మాన్యువల్ ఒక్కటే, 2024లో 8 గేర్ల ఆటోమేటిక్ చేర్చారు.

సెకనులో సగం పోగొట్టుకుంటామని తెలిసి, అంత డబ్బు పెట్టి మాన్యువల్ అడుగుతున్నవాళ్లది మమకారమే అయితే కానివ్వండి, అందులో చిన్నతనం ఏముంది? స్పోర్టీ కారు కొనడమే అవసరానికి మించిన ఇష్టం. గేర్‌బాక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్కలే చూడాలన్న నియమం ఎక్కడిది?

ఎన్‌మోడ్

చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకూ ఇదే ప్రశ్న, బండి వేరు. హ్యుందాయ్ ఐ30 ఎన్, 2.0 టర్బో. నా పనంతా ట్రాఫిక్‌లోనే, ఘాట్ నాకు అందని దూరం. ఇక్కడంతా మాన్యువల్ గాలి వీస్తోంది కాబట్టి నేనూ అదే తీసుకోనా?

టార్క్‌కర్వ్

వద్దు. మీకు డీసీటీ. ఎందుకో చెప్తాను, ఇది మూడోగేరుకి కూడా పనికొస్తుంది.

టర్బో బండిలో మాన్యువల్ గేరు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ వదులుతారు. ఆ క్షణంలో బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పడిపోతుంది, కొత్త గేరులో మళ్లీ పేరుకోవాలి. డీసీటీలో శక్తి తెగదు కాబట్టి బూస్ట్ నిలిచే ఉంటుంది. అందుకే టర్బో బండ్లలో డీసీటీ గేరు మారిన ప్రతిసారీ వీపు మీద తోసినట్టు ఉంటుంది. ఐ30 ఎన్‌కి 392 ఎన్‌ఎం టార్క్ (తిప్పే బలం), కింది రెవ్స్ నుంచే దొరుకుతుంది. గేరు సరిగ్గా ఎంచుకోకపోయినా లాగేస్తుంది, అంటే మాన్యువల్‌లో మీరు చేసే ఎంపికకి అక్కడ విలువ తక్కువ. 100 కి.మీ. అందుకోవడానికి కంపెనీ లెక్క కూడా డీసీటీకి 5.4 సెకన్లు, మాన్యువల్‌కి 5.9. పైగా అది వెట్ క్లచ్.

జీఆర్86లో టర్బో లేదు, 250 ఎన్‌ఎం. సరైన గేరులో ఉంటే చురుకు, తప్పు గేరులో ఉంటే మందం. గేరు ఎంపిక అక్కడ నిజంగా తేడా చేస్తుంది, ఆ పని మీ చేతిలో ఉంటేనే దానికి రుచి.

షెడ్డుసీను

ఎన్‌మోడ్ తమ్మీ, డీసీటీ తీస్కుంటే ఒకటి గుర్తుపెట్టుకో. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తోని బండి ఆపి ఉంచొద్దు. బ్రేక్ తొక్కు. బ్రేక్ తొక్కితేనే అది క్లచ్ పూర్తిగ విడుస్తది.

ఎన్‌మోడ్

అందరికీ థాంక్స్. డీసీటీయే.

మూడోగేరు

వచ్చే వారం రెండు బండ్లూ నడపడానికి ఇస్తామన్నారు. ఏం చూసుకోవాలి?

మలుపు

ఖాళీ రోడ్డు మీద ఒక చక్కర్ కొట్టించి పంపించేస్తే ఒప్పుకోవద్దు. సాయంత్రం, మీరు రోజూ ఇరుక్కునే వేళకి, ఆ ట్రాఫిక్‌లోనే మాన్యువల్ నడపండి. ఆటోమేటిక్‌ని మాత్రం మలుపులున్న రోడ్డు మీదికి తీసుకెళ్లండి. ఏ బాక్స్‌కి ఏది బలహీనతో దాన్ని అక్కడే చూడాలి. బలాలు ఎలాగూ మీకు తెలుసు.

మాన్యువల్‌లో క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో చూడండి. మరీ పైన పట్టుకుంటే ట్రాఫిక్‌లో కాలు అలసిపోతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు సెకండు కాస్త బిగుతుగా పడొచ్చు, ఆయిల్ వేడెక్కిన తర్వాత ఆ బిగుతు తగ్గితే అది లోపం కాదు. బ్రేక్ తొక్కి ఉంచి, కుడి పాదం అంచు యాక్సిలరేటర్‌కి అందుతోందా అని మీరు రోజూ వేసుకునే బూట్లతోనే చూడండి.

సుడిగాలి

నమస్తే. నేను మూడోగేరు భార్యని. ఈ చర్చంతా రాత్రి కూర్చుని చదివాను, అందుకే ఖాతా తెరిచాను.

మా ఆయన నా సౌకర్యం అనే మాట అడ్డం పెట్టుకుని తన నిర్ణయం వాయిదా వేస్తున్నారు. నాకు మాన్యువల్ వచ్చు, ట్రాఫిక్‌లో ఇష్టం ఉండదు, అంతే. నాకు ఆటోమేటిక్ కావాలంటే దానికి కారణం క్లచ్ కాదు, అడాప్టివ్ క్రూజ్. ముందు బండి ఆగితే తనూ పూర్తిగా ఆగి, మళ్లీ కదిలే వీలు మాన్యువల్‌లో ఎలా ఉంటుంది? ఎవరో ఒకరు క్లచ్ తొక్కాలి కదా. ఆ ఒక్కటి వదులుకోగలనా లేదా అన్నది నేను నడిపాక చెప్తాను. ఎవరూ నా తరఫున ఊహించవద్దు.

నిదానం

అమ్మా, ఈ చర్చలో ఇంతవరకు రావాల్సిన మాట అదే. నడిపి చెప్పు.

మూడోగేరు

రెండూ నడిపాం. రాస్తున్నాను.

ఆటోమేటిక్ నేననుకున్నదానికన్నా చాలా మంచిది. స్పోర్ట్‌లో బ్రేక్ తొక్కగానే తనే రెవ్స్ పెంచి కింది గేరు వేస్తుంటే ముచ్చటేసింది. మలుపు గారు చెప్పిన పరీక్ష పెట్టాక అసలు తేడా తెలిసింది. ఎక్కుడులో మూడులో లాగుతూ నాలుగు వేయగానే సూది కిందికి పడి, బండి ఒక్క క్షణం ఊపిరి తీసుకుంటోంది. కిందికి రమ్మని ప్యాడిల్ నొక్కితే రెవ్స్ ఎక్కువని ఒకసారి వెయ్యలేదు. మాన్యువల్‌లో అదే ఎక్కుడులో మూడు, నాలుగు పక్కపక్కనే ఉన్నాయి, లాగుడు తెగలేదు. గేరు రాడ్ ప్రయాణం చిన్నది, పడినప్పుడు చేతికి తెలుస్తోంది.

ట్రాఫిక్‌లో మాన్యువల్ నడిపింది సుడిగాలి. తనే రాస్తుంది.

సుడిగాలి

క్లచ్ అంత బరువు లేదు. బైట్ పాయింట్, అంటే క్లచ్ పట్టుకునే చోటు, కొత్తగా ఉంది, కాసేపటికి అలవాటైంది. సీనన్న చెప్పినట్టు జాగ రానిచ్చి ఫస్టులో వదిలి నడిపితే తొక్కుడు సగానికి తగ్గింది. పూర్తిగా ఆగి మళ్లీ కదిలే క్రూజ్ లేని లోటు మాత్రం నిజం, అది తీరదు. కానీ ఆటోమేటిక్‌లో ఇద్దరం ఓపిగ్గా ఇంటికి చేరాం, మాన్యువల్‌లో ఆ ఘాట్ దిగేటప్పుడు స్టీరింగ్ నేనే అడిగి తీసుకున్నాను. రోజూ ఆఫీసుకి వెళ్లేది ఆయన, ట్రాఫిక్ భారం ఆయనది. ఆయన మోస్తానంటే నాకు మాన్యువలే ఇష్టం.

మూడోగేరు

మోస్తాను. మాన్యువల్ బుక్ చేశాం.

రెడ్‌లైన్‌రాజు

శుభాకాంక్షలు బ్రో! సుడిగాలి గారికి కూడా!

ఏపెక్స్‌లత

సంతోషం. ట్రాక్ మీదికి వచ్చే ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించుకుని రండి. మొదటి రోజు మీరిద్దరూ ఒకే గేరులో ల్యాపు తిప్పుతారు, మూడులో. లైను కుదిరాకే గేర్లు.

మూడోగేరు

తప్పకుండా అక్కా. సీనన్నా, కొత్త బండి కదా, క్లచ్‌కి గేర్‌బాక్స్‌కి మొదట్లో ఏమైనా చూసుకోవాలా?

షెడ్డుసీను

మొదటి వెయ్యి కిలోమీటర్లు రెడ్‌లైన్ జోలికి పోకు, ఒక్కటే వేగంల గంటలు గంటలు కూడ నడపకు. క్లచ్ ప్లేట్ కుదురుకోవాలంటే ఆగుకుంట పోయే రోడ్డే మంచిది, నీ ఆఫీసు దారి దానికి సరిపోతది. ఆగిన బండిని ఒక్కసారి ఉరికించే లాంచులు గీంచులు వద్దు. గేర్‌బాక్స్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ కంపెనీ చెప్పిన టైముకన్నా ముందే ఒకసారి మార్పించు, కొత్త గేర్లు ఒరుసుకున్నప్పుడు సన్నటి ఇనుప పొడి వస్తది, డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి పట్టుకుని కనిపిస్తది. సన్నటి పేస్ట్ లెక్క ఉంటే భయం లేదు. ముక్కలు కనబడితే మాత్రం ఫోటో తీసి ఈడ పెట్టు, సూస్త.